వర్చువల్‌బాక్స్‌లో అన్న పాత డ్యాన్స్ గేమ్: బాణాలు తాళం తప్పుతున్నాయి, సాయం కావాలి

బైరాగిపట్టెడ_బాణం | మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అన్న 2011లో చెన్నైలో ఒక మాల్‌లో డ్యాన్స్ మెషిన్ ఆడి వచ్చాడు. తెర మీద బాణాలు పైకి వస్తుంటాయి, తాళానికి సరిగ్గా కాలి కింది గడి తొక్కాలి, అదే ఆట. ఇంటికొచ్చాక నిద్రపోలేదు. ప్లైవుడ్ ముక్క, వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్, మధ్యలో స్పాంజి, పాత యూఎస్‌బీ కీబోర్డు విప్పి తీసిన సర్క్యూట్... వీటితో సొంతంగా ప్యాడ్ చేశాడు. కంప్యూటర్‌లో ఉబుంటు 10.04, దాని మీద ఓపెన్‌ఐటీజీ అనే అదే తరహా డ్యాన్స్ గేమ్. మిద్దె మీద గదిలో రోజూ సాయంత్రం అదే పని. నేను అప్పుడు ఆరో తరగతి. నన్ను ఆ ప్యాడ్ మీద నిలబెట్టి ఆడించింది ఆయనే.

ఇప్పుడు అన్న మస్కట్‌లో ఉన్నాడు. ఆ కంప్యూటర్ బోర్డు ఎప్పుడో పోయింది, 80 జీబీ హార్డ్ డిస్క్ మాత్రం బతికే ఉంది. డీడీ ఆదేశంతో మొత్తం ఇమేజ్ (డిస్క్‌కి అచ్చు నకలు) తీసి, వీబాక్స్‌మేనేజ్‌లోని కన్వర్ట్‌ఫ్రమ్‌రా ఆదేశంతో వీడీఐ ఫైల్‌గా మార్చి, నా ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్‌కి (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) తగిలించాను. విండోస్ 11, 16 జీబీ ర్యామ్, నాలుగు కోర్లు.

బూట్ అయింది! అన్న పెట్టుకున్న కపిలతీర్థం జలపాతం వాల్‌పేపర్‌తో సహా వచ్చింది. అమ్మను పిలిచి చూపించాను.

కానీ గేమ్ తెరిస్తే సెకనుకి 14 ఫ్రేములే. పాట తెగి తెగి వస్తోంది, బాణాలు గెంతుతున్నాయి. అన్నింటికంటే నాకు కావాల్సింది ఆయన సొంతంగా అడుగులు రాసిన ఒక ఫైల్. 2012లో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకల మోత ఫోన్‌లో రికార్డు చేసి, దానికి బాణాలు రాశాడు. అది సరిగ్గా ఆడాలి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

---

చిత్తూరు_సర్వీస్‌సెంటర్ | మంగళవారం, రాత్రి 11:05

తమ్ముడూ, ముందు ఒకటి చూడు. వర్చువల్ మెషిన్ కిటికీ కింద కుడి మూలలో చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. అందులో ఆకుపచ్చ తాబేలు ఉందా?

---

బైరాగిపట్టెడ_బాణం | మంగళవారం, రాత్రి 11:09

ఉందన్నా. అలంకారానికి పెట్టారేమో అనుకున్నాను.

---

చిత్తూరు_సర్వీస్‌సెంటర్ | మంగళవారం, రాత్రి 11:31

అలంకారం కాదు, అది నీకు కబురు చెప్తోంది. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ కోసం ఉండే సౌకర్యాన్ని, ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అంటారు, విండోస్ వాళ్ళ సొంత వర్చువలైజేషన్ ప్రోగ్రామ్ హైపర్-వీ ముందే పట్టుకుని కూర్చుంది. వర్చువల్‌బాక్స్ దాని వెనక నిలబడి, దాని చేతుల మీదుగా పని చేయించుకుంటోంది. అందుకే తాబేలు నడక.

విండోస్ సెక్యూరిటీ తెరిచి, డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్‌కి వెళ్ళి మెమరీ ఇంటిగ్రిటీ ఆపు. తర్వాత విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసెయ్. అప్పటికీ తాబేలు పోకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్ లాంచ్ టైప్‌ని ఆఫ్ చెయ్. రీస్టార్ట్ కొట్టు. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) వాడుతుంటే అది ఆగిపోతుంది, ముందే చెప్తున్నా. మెమరీ ఇంటిగ్రిటీ కూడా ఊరికే పెట్టింది కాదు, రక్షణ కోసం పెట్టింది. ఆట అయ్యాక మళ్ళీ ఆన్ చేసుకో.

ఇంకోటి, ఛార్జర్ పెట్టి ఆడు. బ్యాటరీ మీద ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. మా షాపుకి "గేమ్ స్లో" అని వచ్చే ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఇదే జబ్బు.

---

బైరాగిపట్టెడ_బాణం | బుధవారం, ఉదయం 7:20

అన్నా, తాబేలు పోయింది! దాని బదులు వీ అక్షరం ఉన్న చిప్ బొమ్మ వచ్చింది. ఉబుంటు చాలా చురుగ్గా ఉంది. కానీ గేమ్ 14 నుంచి 19 ఫ్రేములకే వచ్చింది. ఇంకా ఏదో ఉంది.

---

రేణిగుంట_లూప్‌లైన్ | బుధవారం, ఉదయం 9:48

రేణిగుంటలో పుట్టి బెంగళూరులో లినక్స్‌తో బతుకుతున్నవాణ్ణి. బ్రో, నీ 19కి కారణం గ్రాఫిక్స్. వర్చువల్‌బాక్స్‌లో పాత వీబాక్స్‌వీజీఏ దారిలో ఉండే 3డీని 6.1 వెర్షన్‌లోనే తీసేశారు. ఇప్పుడున్నది వీఎంఎస్‌వీజీఏ. దానికి గెస్ట్ (వర్చువల్ మెషిన్‌లో నడిచే సిస్టమ్) లోపల వీఎండబ్ల్యూజీఎఫ్ఎక్స్ అనే డ్రైవర్ కావాలి. మీ అన్న ఉబుంటు 10.04 కెర్నల్ 2.6.32, ఆ డ్రైవర్ అందులో లేదు. కాబట్టి ఒక్కో బాణాన్నీ ప్రాసెసరే కూర్చుని గీస్తోంది. దాన్ని ఎంత బతిమాలినా 60 రాదు.

నా సలహా: ఆ పాత ఇమేజ్‌ని అలాగే జ్ఞాపకంగా భద్రంగా పెట్టు, ఒక కాపీ బయట డిస్క్‌లో కూడా ఉంచు. ఆడడానికి కొత్తగా డెబియన్ 12 గెస్ట్ పెట్టుకో. వీఎంఎస్‌వీజీఏ, 3డీ టిక్కు, వీడియో మెమరీ 128 ఎంబీ. అందులో ఐటీజీమేనియా వెయ్యి. అది స్టెప్‌మేనియా అనే బాణాల ఆట ప్రోగ్రామ్ 5.1 వెర్షన్ నుంచి విడిపోయిన శాఖ, ఉచితం, సోర్స్ అంతా బయటే ఉంది. పాత డిస్క్‌లో సాంగ్స్ ఫోల్డర్ ఎత్తి ఇందులో పెడితే చాలు, ఎస్ఎం ఫైళ్ళు (పాటలకి రాసిన అడుగులు ఉండేవి) అలాగే చదువుతుంది.

అసలు ఈ ఆటకు వర్చువల్ మెషిన్ దారి ఎందుకు కుదురుతుందో చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే చాలామంది ఎమ్యులేటర్‌నీ దీన్నీ ఒకటే అనుకుంటారు. 1998లో కొనామీ తెచ్చిన డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ నడిచింది సిస్టమ్ 573 అనే బోర్డు మీద. అది ప్లేస్టేషన్ వంశం. మన ఇంటెల్ ప్రాసెసర్‌కి దాని భాష రాదు, ప్రతి మాటనీ అనువాదం చేయాలి. అది ఎమ్యులేషన్. 2004లో రాక్సర్ గేమ్స్ తెచ్చిన ఇన్ ద గ్రూవ్ (ఐటీజీ అంటే ఇదే) అలా కాదు. ఆ పెట్టె లోపల ఉన్నది మామూలు పీసీ, లినక్స్, స్టెప్‌మేనియా పునాది మీద కట్టిన ప్రోగ్రామ్. అనువాదం అక్కర్లేదు, కూర్చోవడానికి చోటిస్తే చాలు. అదే వర్చువలైజేషన్. 2005లో కొనామీ దావా వేసింది, 2006లో రాజీ కుదిరి ఆ ఆట హక్కులు కొనామీకే వెళ్ళిపోయాయి. కానీ కింద ఉన్న స్టెప్‌మేనియా అందరిదీ కాబట్టి మీ అన్నలాంటి వాళ్ళు ఇంట్లో ప్యాడ్ చేసుకుని ఆడగలిగారు. ఆ పెట్టె పోయినా ఆట మిగిలింది.

---

ఫైవ్‌ప్యానెల్_పిల్లోడు | బుధవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, అయితే ఆర్కేడ్ మెషిన్ హార్డ్ డిస్క్ ఇమేజే దించుకుని వర్చువల్‌బాక్స్‌లో వేస్తే డైరెక్ట్‌గా ఆడొచ్చు కదా? లింక్ ఎవరి దగ్గరైనా ఉందా? నాకు పంప్ ఇట్ అప్ కూడా కావాలి.

---

రేణిగుంట_లూప్‌లైన్ | బుధవారం, మధ్యాహ్నం 2:02

లింకులు ఇక్కడ వద్దు తమ్ముడూ. ఆ ఇమేజ్‌లు హక్కులున్నవాళ్ళ సొత్తు. పైగా ఆ పెట్టెల్లో సెక్యూరిటీ తాళం వేరే ఉంటుంది. నీకు కావాల్సింది ఐదు గడుల ఆటే అయితే స్టెప్‌మేనియాలోనే పంప్ మోడ్ ఉంది. నాలుగు మూలలు, మధ్యలో ఒకటి. పంప్ ఇట్ అప్ చేసిన ఆండమిరో కంపెనీ 1999లో పెట్టిన అమరికే. పాటలు సొంతంగా తయారుచేసినవాళ్ళు పంచుకున్నవి బోలెడు దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టు.

---

బైరాగిపట్టెడ_బాణం | గురువారం, రాత్రి 9:37

రేణిగుంట అన్నా, చెప్పినట్టే చేశాను. 60 ఫ్రేములు, కదలకుండా! ప్యాడ్‌ని కూడా గెస్ట్‌కే అప్పగించాను. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్ పెడితే ప్యాడ్ పెట్టగానే అదే లోపలికి వెళ్తోంది, విండోస్‌కి కనపడట్లేదు. ఫాయిల్ నల్లబడిపోతే కొత్తది అంటించాను. కింద స్పాంజి మాత్రం అన్న వేసిందే.

కానీ ఆడితే మనసు కుదురుగా లేదు. ఒక పాటకి "త్వరపడ్డావ్" అంటుంది, అదే పాట మధ్యలో "ఆలస్యం" అంటుంది. నా కాలు తప్పుతోందా, మెషిన్ తప్పుతోందా తెలియట్లేదు. ఎఫ్6 రెండుసార్లు నొక్కి ఆటోసింక్ (పాటకీ నా అడుగులకీ ఉన్న తేడాని గేమే కొలిచి సర్దేది) పెట్టాను. ఒకసారి 41 మిల్లీసెకన్లు అంటుంది, ఇంకోసారి 83 అంటుంది. ఏది నమ్మాలి?

---

నడక_తెలిసిన_అక్క | గురువారం, రాత్రి 10:26

నాకు కంప్యూటర్లు అంతగా రావు. నేను ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో మృదంగం నేర్చుకున్నాను, ఇంట్లో మా అబ్బాయి ఈ ఆట ఆడతాడు. నువ్వు రాసింది చదివితే నాకు రోగం అర్థమైంది తమ్ముడూ.

ఆలస్యం వేరు, తడబాటు వేరు. జాతరలో పలకలవాళ్ళు వీధి చివర ఉంటే కర్ర పడ్డం ముందు కనిపిస్తుంది, మోత తర్వాత వినిపిస్తుంది. మోతకి వంద అడుగులు దాటడానికి దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది. అయినా వీధి చివర ఉన్న పిల్లలు కూడా చక్కగా గంతులేస్తారు, ఎందుకంటే ఆ 90 ప్రతి దెబ్బకీ అదే. ఒళ్ళు సర్దుకుంటుంది. కానీ వాయించేవాడి చెయ్యే ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోతుంటే ఎంత గొప్ప నర్తకి కాలైనా తప్పుతుంది. నీకు ఒకసారి 41, ఒకసారి 83 వస్తోందంటే అది దూరం కాదు, చెయ్యి వణకడం. దానికి ఆఫ్‌సెట్ (ఆ తేడాని సర్దే అంకె) మార్చి లాభం లేదు. ముందు వణుకు ఆపాలి.

పరీక్ష చెప్తాను. ప్యాడ్ దిగి కూర్చో. ఎఫ్7 నొక్కితే ప్రతి బాణానికీ చప్పట్ల శబ్దం వస్తుంది. ఆ చప్పట్లు పాటలోని దెబ్బ మీద పడుతున్నాయో లేదో కళ్ళు మూసుకుని విను. ఆ తర్వాత శబ్దం తగ్గించి, కళ్ళతో చూస్తూ బాణాలు సాఫీగా జరుగుతున్నాయా, ఉండుండి చిన్న గెంతు వేస్తున్నాయా చూడు.

---

బైరాగిపట్టెడ_బాణం | గురువారం, రాత్రి 11:03

అక్కా, చప్పట్లు పాట మీదే పడుతున్నాయి. కానీ బాణాలు ఉండుండి సన్నగా గెంతుతున్నాయి! ఇన్నాళ్ళూ చూసి కూడా గమనించలేదు. 60 ఫ్రేములు అని చూపిస్తుంటే అంతా బాగుందనుకున్నాను.

---

రేణిగుంట_లూప్‌లైన్ | శుక్రవారం, ఉదయం 8:15

అక్క చెప్పిన పరీక్షతో దొరికిపోయింది. స్టెప్‌మేనియాలో బాణాలు గడియారం చూసి నడవవు, పాటను చూసి నడుస్తాయి. సౌండ్ కార్డ్ "ఇంతవరకు వాయించాను" అని చెప్పే లెక్కను బట్టి బాణం ఎక్కడుండాలో తేల్చుకుంటుంది. చప్పట్లు కూడా పాటతో పాటు అదే సౌండ్‌లో కలిసి వస్తాయి కాబట్టి అవి ఎప్పుడూ సరిగ్గానే వినిపిస్తాయి. నిజమైన సౌండ్ కార్డ్ ఆ లెక్కను సాఫీగా చెప్తుంది. నీ గెస్ట్‌లో ఉన్నది ఉత్తుత్తి సౌండ్ కార్డ్. విండోస్ తీరిక దొరికినప్పుడల్లా ఒక ముద్ద తీసుకెళ్తుంది, అప్పటిదాకా లెక్క కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది.

ముద్ద ఎంతో లెక్కేసుకో. 48,000 హెర్ట్జ్‌లో 1,024 శాంపిల్స్ అంటే 21.3 మిల్లీసెకన్లు. ఐటీజీలో అన్నిటికంటే పై మెట్టు ఫెంటాస్టిక్ రావాలంటే అసలు క్షణానికి ఇటూ అటూ 21.5 మిల్లీసెకన్లే గడువు. అంటే ఒక్క ముద్ద జరిగితే చాలు, గడువు దాదాపు అంతా అయిపోతుంది, నీ కాలు అటువైపు రవ్వంత జరిగినా ఫెంటాస్టిక్ పోతుంది. ఎక్సలెంట్‌కి 43, గ్రేట్‌కి 102. అందుకే గ్రేట్‌లు కురుస్తుంటాయి, పై మెట్టు అందదు.

చేయాల్సింది: ఆడియో కంట్రోలర్‌ని ఏసీ97 నుంచి ఇంటెల్ హెచ్‌డీ ఆడియోకి మార్చు. గేమ్ ప్రిఫరెన్సెస్ ఫైల్‌లో సౌండ్ డ్రైవర్స్ దగ్గర ఆల్సా-ఎస్‌డబ్ల్యూ అని రాయి, మధ్యలో పల్స్ అనే సౌండ్ మధ్యవర్తి లేకుండా నేరుగా వెళ్తుంది. గెస్ట్‌కి నాలుగు కోర్లూ ఇచ్చి ఉంటే రెండుకి తగ్గించు. ఇది చాలామంది చేసే తప్పు. అన్నీ గెస్ట్‌కే ఇస్తే సౌండ్ మోసుకెళ్ళాల్సిన విండోస్‌కే చోటుండదు.

---

చిత్తూరు_సర్వీస్‌సెంటర్ | శుక్రవారం, ఉదయం 10:50

బ్లూటూత్ స్పీకర్ వాడట్లేదు కదా? వాడుతుంటే ఈ కష్టమంతా బూడిదలో పోసినట్టే. వైరున్న హెడ్‌ఫోన్ గానీ స్పీకర్ గానీ పెట్టు. టీవీకి కలిపితే టీవీలో గేమ్ మోడ్ వెయ్యి.

ఇంకో మాట, ఎవరూ ఏమీ అనుకోకండి. ఐటీజీమేనియా విండోస్‌కి కూడా ఉంది. పాటలు బయటికి తీసేశాక ఇంకా వర్చువల్ మెషిన్ ఎందుకు? నేరుగా ఆడుకో. ఇంటికి తలుపు ఉండగా కిటికీలోంచి దూరడం ఎందుకు?

---

రేణిగుంట_లూప్‌లైన్ | శుక్రవారం, ఉదయం 11:20

అన్న మాట నిజమే, ఆటకి అదే మంచిది. కానీ వర్చువల్ మెషిన్ లేకపోతే ఈ పాటలు, ఆ స్కోర్లు, ఏ సెట్టింగ్‌తో ఆడాడో, ఇవేవీ తెలిసేవి కావు. పాత ప్రోగ్రామ్‌ని దాని ఇంట్లోనే చూడాలి. ఆడే చోటు వేరుండొచ్చు, చూసే చోటు మాత్రం అదే. అందుకే ఇమేజ్ దాచుకో అన్నాను.

---

బైరాగిపట్టెడ_బాణం | ఆదివారం, సాయంత్రం 6:10

రెండు రోజులు కూర్చుని రెండు రకాలుగా ఆడి చూశాను. అదే పాట, అదే ప్యాడ్, వైరు హెడ్‌ఫోన్. వర్చువల్ మెషిన్‌లో హెచ్‌డీ ఆడియో, ఆల్సా, రెండు కోర్లు పెట్టాక గెంతు చాలావరకు పోయింది. ఆటోసింక్ ఐదుసార్లు చేస్తే 58 నుంచి 66 మధ్యే వచ్చింది. ఆఫ్‌సెట్ 0.062 సెకన్లు పెట్టి వదిలేశాను. నేరుగా విండోస్‌లో ఆడితే ఐదుసార్లూ రెండు మిల్లీసెకన్ల తేడా కూడా లేదు.

కాళ్ళకు ఎలా ఉందంటే, 8 స్థాయి పాటల దాకా రెండింటికీ తేడా తెలియలేదు. 150 బీట్‌ల వేగంలో పదహారోవంతు అడుగులు వరసగా వచ్చే పాటల్లో, అంటే అడుగుకీ అడుగుకీ 100 మిల్లీసెకన్లే ఉన్నచోట, వర్చువల్ మెషిన్‌లో ఇసుకలో పరిగెత్తినట్టుంది. చిత్తూరు అన్న మాటే సరి. ఆట నేరుగానే ఆడతాను.

కానీ ఇవాళ పాత ఇమేజ్ తెరిచి అన్న ప్రొఫైల్‌లో స్టాట్స్ ఫైల్ చూశాను. మామూలు టెక్స్టే, బ్రౌజర్‌లో తెరుచుకుంది. పలకల పాటని 61 సార్లు ఆడాడు. అత్యధికం 93.40 శాతం. కింద రెండో పేరు నాది. 38 శాతం. నేను ఆడినట్టు కూడా గుర్తులేదు.

తర్వాత ఎస్ఎం ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మామూలు పాటలకి బీపీఎంఎస్ (నిమిషానికి ఎన్ని తాళాలో చెప్పే వేగం) దగ్గర ఒక్క అంకె ఉంటుంది. దీనికి నాలుగున్నర వరసల అంకెలు. 118.2, 118.9, 119.6, 121... రెండేసి తాళాలకి ఒక మార్పు రాశాడు. జాతరలో వాయించేవాళ్ళు ఒకే వేగంలో ఉండరు కదా, వాళ్ళు ఎక్కడ ఊపందుకుంటే అక్కడ అంకె మార్చుకుంటూ పోయాడు. చివరికి 164 దాకా వెళ్ళింది. ఎన్ని రాత్రులు కూర్చున్నాడో.

ఒక సందేహం. నేరుగా విండోస్‌లో మిగతా పాటలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇదొక్కటే 30 మిల్లీసెకన్లు పక్కకుంది. ఇంకా, మధ్యలో ఒకచోట బాణాల రంగులు చిత్రంగా ఉన్నాయి. మామూలుగా తాళం మీద ఎరుపు, సగంలో నీలం. అక్కడ ఎరుపు తర్వాత నాలుగు వేరే రంగు బాణాలు వస్తాయి, దూరాలు కూడా సమానంగా లేనట్టున్నాయి. ఫైల్ పాడయిందా?

---

నడక_తెలిసిన_అక్క | ఆదివారం, రాత్రి 8:44

పాడవలేదు తమ్ముడూ. ఒక తాళంలో ఎరుపుతో కలిపి ఐదు బాణాలా? అది ఖండం, ఐదు భాగాల నడక. తకతకిట. పలకలవాళ్ళు పేరు పెట్టుకోరు, చేతికి వచ్చేస్తుంది. మీ అన్న చెవి పట్టుకుంది.

---

రేణిగుంట_లూప్‌లైన్ | ఆదివారం, రాత్రి 9:15

అక్కా, మీరు చెప్పాకే నాకు వెలిగింది. స్టెప్‌మేనియా ఒక తాళాన్ని 48 గళ్ళుగా చేసుకుంటుంది. 48ని మూడుతో, నాలుగుతో భాగించవచ్చు. తిశ్రం, చతురశ్రం సరిగ్గా కూర్చుంటాయి. ఐదుతో పోదు. 9.6వ గడిలో పడాల్సిన బాణం పదో గడిలో పడుతుంది. అందుకే దూరాలు సమానంగా లేవు. 120 వేగంలో ఒక గడి 10.4 మిల్లీసెకన్లు, కాబట్టి తప్పు మహా అయితే నాలుగు మిల్లీసెకన్లు. కాలికి తెలియదు. ఆటకి ఖండం సరిగ్గా పట్టే గడి లేకపోయినా మీ తమ్ముడి అన్న వదలకుండా రాశాడు.

30 మిల్లీసెకన్ల సంగతి: ఆ పాత కంప్యూటర్‌లో గ్లోబల్ ఆఫ్‌సెట్ (అన్ని పాటలకీ కలిపి ఒకేసారి సర్దేది) ఎంతుందో చూడు బ్రో. సున్నా అయితే, తన మెషిన్ ఆలస్యాన్ని ఆ పాట ఆఫ్‌సెట్‌లోనే కలిపి రాసేసి ఉంటాడు.

---

బైరాగిపట్టెడ_బాణం | ఆదివారం, రాత్రి 11:52

సున్నానే అన్నా. అన్నకి ఫోన్ చేసి అడిగాను. అప్పట్లో గ్లోబల్ అనేది ఒకటి ఉందనే తెలియదట, చెవితో విని పాటలోనే సర్దేశాడట. మిగతావి దించుకున్నవి, ఇదొక్కటే సొంతం.

ఫైల్‌లో ఆఫ్‌సెట్ 0.030 మార్చి ఇప్పుడే ఆడాను. కింద అమ్మ పడుకుంది, అందుకని చెప్పుల్లేకుండా, మెల్లగా. ఖండం దగ్గర నాలుగు ఫెంటాస్టిక్‌లు వరసగా పడ్డాయి. మొత్తం 71.85 శాతం. అన్న వీడియో కాల్‌లో చూస్తూ, ఆ చోట కుడికాలు ముందు పెట్టు, నువ్వు ఎడమతో మొదలుపెడుతున్నావ్ అన్నాడు.

మేలో జాతరకి వస్తున్నాడు. ఈలోగా స్పాంజి మార్చమన్నాడు.

---

చిత్తూరు_సర్వీస్‌సెంటర్ | సోమవారం, ఉదయం 9:05

సోఫాలకి వేసే గట్టి ఫోమ్ తీసుకో తమ్ముడూ, మెత్తది వద్దు. మెత్తదైతే వదిలిన గడి ఆలస్యంగా లేస్తుంది. మెమరీ ఇంటిగ్రిటీ మళ్ళీ ఆన్ చేశావా?